మూడు కొటేషన్ల వరం

అనగనగా ఒక రాజ్యం. దానికి రాజు ఉన్నాడో లేదో నేను చూడలేదు గానీ, ఆఫీసు మాత్రం ఉంది. ఆ ఆఫీసులో నేను గుమాస్తాని. పేరు కనకలింగం. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కుంటికాలు బల్ల.

మా ఆఫీసు పేరు వరాల వివేక ఎంపిక శాఖ. ఇలాంటిదొకటి ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. పూర్వం మా రాజు ఒకాయనకి యుద్ధం మధ్యలో ఎవరో ముని ప్రత్యక్షమై ఏదైనా కోరుకోమన్నాడట. వంటవాళ్లు పారిపోయి మూడు రోజులైంది. కడుపు కాలుతోంది. "నాకు జన్మలో ఆకలి వేయకూడదు" అనేశాడాయన. యుద్ధం గెలిచాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గుత్తివంకాయ కూర ముందు కూర్చుని ఏడ్చాడు. పోయేముందు మంత్రిని పిలిచి, "నాలాగా ఇంకెవరూ తొందరపడి కోరుకోకుండా చూడు" అన్నాడు. తొందరపడకుండా చూడమంటే మావాళ్లకి వేరే చెప్పాలా! ఆరు నెలల్లో చట్టం వచ్చింది. ఏడాదిలో శాఖ, ఆ తర్వాత శాఖకో భవనం, భవనం వెనక ఒక కొట్టు.

చట్టం ఏమంటుందంటే, దేవతలు గానీ మునులు గానీ మాట్లాడే జంతువులు గానీ ఎవరిచ్చినా సరే, వరాన్ని పౌరులు నేరుగా పుచ్చుకోకూడదు. తెచ్చి శాఖలో అప్పగించాలి. దానికి పోటీగా ఇంకో రెండు వరాలు చూపించాలి. మూడింటినీ పోల్చి కమిటీ ఒకటి ఎంపిక చేస్తుంది. ఒక్కటే ఉంటే అది ఎంపిక ఎలా అవుతుంది, ఎంపిక లేనిచోట వివేకం ఎలా ఉంటుంది అని చట్టం రాసిన పెద్దలు అడిగారు. మేకులు కొన్నా చీపుళ్లు కొన్నా మేం మూడు కొటేషన్లు తీసుకుంటాం కదా, వరానికి మాత్రం మినహాయింపు దేనికి? పిల్లల కథల్లో ఎప్పుడు చూసినా వరాలు మూడే ఎందుకుంటాయో మీకిప్పుడు తెలిసే ఉంటుంది.

కొలత కూడా ఉంది. వరానికి ధర ఉండదు, నియమాలుంటాయి. ఎడమచేత్తో ముట్టుకోకూడదు, శుక్రవారం వాడకూడదు, అలాంటివి. ఏ వరానికి నియమాలు తక్కువో అదే ఖాయం. గెలిచింది అభ్యర్థికి, ఓడినవి వెనక కొట్టులోకి. కొట్టు తాళానికి తాళంచెవులు రెండు. ఒకటి నా మొలతాడుకి, ఒకటి ప్రధాన వరాధికారి మహీధరవర్మ గారి మొలతాడుకి వేలాడుతుంటాయి. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. వరాలు లోపల పెట్టడానికి అవి చాలాసార్లు కలిశాయి. బయటికి తీయడానికి ఒక్కసారీ కలవలేదు. చూపు తెచ్చే కాటుక భరిణె, ఎంత నేసినా అయిపోని దారపు కండె, మాటరాని పిల్లలచేత మాట్లాడించే గిలక్కాయ, అన్నీ ఆ కొట్టులోనే దుమ్ము పట్టి ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా శాఖ వచ్చాక పూజారులకి ఆ చెడ్డపేరు తప్పింది.

వైశాఖంలో ఒకనాడు అచ్చియ్యమ్మ వచ్చింది. చంకలో తువ్వాలు మూట.

అచ్చియ్యమ్మ మంత్రసాని. మా ఆఫీసు గవ్వలేటి గట్టు మీద ఉంటుంది. ఎదురుగా ఏటి మధ్యలో కందలంక. ఇటు గట్టు మీదా అటు లంకలోనూ సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే. నన్ను కూడా. అందుకే నేనిప్పటికీ అత్తా అంటాను, ఆవిడ నన్ను ఏరా అంటుంది. లంకలో ఎవరికైనా నొప్పులు మొదలైతే పొడుగాటి వెదురుగడకి ఎర్రచీర కట్టి ఎత్తుతారు. అది చూసి అచ్చియ్యమ్మ పడవెక్కుతుంది. తల్లీబిడ్డా క్షేమమైతే ఎర్రచీర దించి పసుపుగుడ్డ ఎత్తుతారు. శ్రావణంలో ఏరు పొంగితే పడవలు కట్టేస్తారు. అప్పుడు కూడా ఎర్రచీర ఎత్తుతూనే ఉంటారు పాపం.

కిందటేడు శ్రావణంలో ఆ చీర ఎగిరింది అచ్చియ్యమ్మ కూతురు తాయారు కోసమే. రెండు రోజులు ఎగిరింది. ఏటికి ఇటు ఒడ్డున అచ్చియ్యమ్మ రెండు రోజులూ నిలబడే ఉంది. తర్వాత చీర దించేశారు, ఇంకేమీ ఎత్తలేదు. తాయారు బతికింది. బిడ్డ దక్కలేదు.

"మళ్లీ శ్రావణానికే నెలలు నిండుతున్నాయిరా కనకం," అంటూ అచ్చియ్యమ్మ మూట విప్పింది. లోపల ఒక జత పావుకోళ్లు. "మొన్న ఏటితల్లికి పురుడు పోశాను. అడ్డం తిరిగిన బిడ్డని సరిసేసి తీశాను. ఇయ్యి ఇచ్చింది. నీకేం కావాలో నేను అడగను, నాకు తెలుసు అంది. ఏసుకుంటే ఎంత ఏరయినా రోడ్డు మీద నడిసినట్టు నడిసిపోవచ్చంట. మీ ముద్దర ఏదో ఏసి ఇచ్చెయ్. ఎల్లిపోతాను."

ముద్ర వేయించుకోకుండా వాడితే వరం జప్తు అని ఊరూరా దండోరా వేయించింది మేమే. ఆవిడ మా మాట నమ్మి వచ్చింది. నేను పావుకోళ్లు తీసుకుని రశీదు ఇచ్చి, మూడు కొటేషన్ల సంగతి చెప్పాను. వరం తేలేదాకా శాఖ హద్దు అయిన ఈ గట్టు దాటి వెళ్లకూడదనీ, మా కాగితం లేనిదే పడవవాళ్లు ఎక్కించుకోరనీ కూడా చెప్పాను.

"పోనీ తాయారునే ఇటు తెచ్చుకోరాదూ?" అన్నాను.

"కడుపుతో ఉన్నది ఏరు దాటకూడదంటారురా లంకోళ్లు. కదపనివ్వరు. నేనే ముందుగా ఎల్లి కూకుందావనుకున్నాను. ఎన్నాళ్లు పడద్దేంటి మీ పని?"

"మూడు వారాలు అత్తా."

మూడు వారాలని ఎందుకన్నానో నాకు తెలియదు. మా ఆఫీసులో అందరికీ అలాగే చెబుతాం.

మర్నాడు ఏటితల్లే స్వయంగా వచ్చింది. చంకలో బిడ్డ. ఆమె కూర్చున్న బెంచీ కింద మడుగు కట్టింది.

"నేనిచ్చింది ఒకటి. మిగతా రెండు ఎందుకయ్యా?"

"నిబంధన, తల్లీ."

"ఆవిడకి పనికిరానివి తెచ్చి ఏం చేసుకుంటారు?"

"ఏమీ చేసుకోం. పోటీ ఉన్నట్టు కనబడాలి, అంతే. పేరుకి ఏవో రెండు పెట్టండి."

ఈ సలహా నాదే. దాచడం దేనికి? మేకుల దగ్గర్నుంచీ మా పద్ధతి ఇదే. మేకులమ్మే ఆసామే తన బావమరిది పేర ఒక కొటేషన్, తోడల్లుడి పేర ఒకటి రాసి తెస్తాడు. అందరికీ తెలుసు, అందరూ సంతోషంగా ఉంటారు. వరానికీ అలాగే సరిపోతుందనుకున్నాను.

ఏటితల్లి విసుక్కుంటూ బిడ్డకి విసురుతున్న విసనకర్ర బల్ల మీద పెట్టింది. అది తనంతట తనే విసురుతుందట. నియమం ఒకటి, దాని ఎదుట ఎవరినీ తిట్టకూడదు. రెండోదానికి అటూ ఇటూ చూసి, మా గుమ్మం బయట పడి ఉన్న కొబ్బరికాయంత రాయి తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

"దీని మహిమ?" అన్నాను కలం పట్టుకుని.

"రాయి."

"నియమాలు?"

"రాయికి నియమాలేంటయ్యా! నీకేమైనా మతిపోయిందా?"

'నియమాలు: లేవు' అని రాసుకున్నాను. ఈ చేత్తోనే రాశాను.

కమిటీ కూర్చునేసరికి జ్యేష్ఠం సగమైంది. కమిటీ అంటే వర్మ గారూ, సాంకేతిక సలహాదారు త్రివిక్రమాచారి గారూ. నేను మూడు వస్తువులూ బల్ల మీద సర్ది, పోలిక పట్టిక చదివాను.

"మొదటిది పావుకోళ్లు. నీటిపై నడచుటకు ఉపకరించును. నియమాలు మూడు. కూలి అడగరాదు. నీటిపై ఉండగా వెనుకకు చూడరాదు. పిలుపు వచ్చిన పిమ్మట ఆగరాదు."

"మూడా!" అన్నారు ఆచారి గారు. "సామాన్య ప్రజానీకంపై ఇంతటి భారమా?"

"వెనుకకు చూడరాదట," అన్నారు వర్మ గారు. "వెనుకనుండి అధికారులు పిలిచినచో? ఇది పరిపాలనకే ధిక్కారం. తర్వాతిది?"

విసనకర్ర సంగతి చదివాను. తిట్టకుండా వేసవి గడపడం మానవమాత్రులకి అసాధ్యమని ఆచారి గారు తేల్చారు. మూడోది చదివాను.

"రాయి. నియమాలు లేవు."

వర్మ గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"లేవా?" అన్నారు వర్మ గారు. "ఒక్కటి కూడానా?"

"అయ్యా, అది మన గుమ్మం బయటి రాయండి. పోటీ కోసం ఊరికే..."

"కనకలింగం! వస్తువు ఎక్కడినుండి వచ్చినదన్నది ఎంపికకు ప్రాతిపదిక కాదు. ఆచారి గారూ, సాంకేతికంగా తమ అభిప్రాయం?"

ఆచారి గారు రాయిని రెండు చేతులా ఎత్తి చూశారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "పావుకోళ్లు నీటిపై మాత్రమే పనిచేయును. నేలమీద నిష్ప్రయోజనం. ఇది అట్లు కాదు. ఎచ్చట ఉంచిన అచ్చట ఉండును."

"తడిసినచో?"

"రాయియే."

"ఎండినచో?"

"రాయియే."

"నిలకడ!" అన్నారు వర్మ గారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క నియమమైనా లేని వరం నా చేతికి రాలేదయ్యా."

అచ్చియ్యమ్మని లోపలికి పిలిచారు. మీ దరఖాస్తు సఫలమైనదని చెప్పి రాయి చూపించారు. ఆవిడ రాయినీ, వర్మ గారినీ, మళ్లీ రాయినీ చూసింది.

"ఇది రాయి కదండి బాబూ."

"పైకి అట్లు కనబడును."

"నాకు పావుకోళ్లు కావాలండి. శ్రావణంలో ఏరు దాటాలండి. మా పిల్ల..."

"అమ్మా, మీకేమి కావలెనో మీరే నిర్ణయించుకున్నచో ఇక వివేకమెందుకు? మేమెందుకు? నాటి ప్రభువులు కూడా తమకేమి కావలెనో తమకు తెలుసుననే అనుకున్నారు."

"ఆ రాజుగారికి ఆకలేసిందండి. అన్నం అడగాల్సింది పోయి ఆకలొద్దన్నాడండి. నేనడిగింది అన్నవే కదండి బాబూ!"

ఉన్నట్టుండి వర్మ గారు నా వైపు తిరిగి, "అభ్యర్థి అభిప్రాయం నమోదు చేయవలెను" అన్నారు. నమోదు చేశాను. పావుకోళ్లూ విసనకర్రా కొట్టులోకి వెళ్లాయి. రెండు తాళంచెవులూ కలిశాయి, విడిపోయాయి.

ఆ రాయైనా చేతికిచ్చి పంపేస్తే అచ్చియ్యమ్మ పడవెక్కి వెళ్లిపోయేది. అప్పటికింకా పడవలు నడుస్తున్నాయి. కానీ అంత గొప్ప వరాన్ని ఊరికే ఎలా ఇస్తారు? ముందు ఇరవై ఒక్క రోజులు పరిశీలన అన్నారు. రోజూ పొద్దున్నే నేను వెళ్లి చూసి, 'నేటి స్థితి: రాయి' అని రాసి సంతకం పెట్టేవాణ్ని. పద్నాలుగో రోజున ఒక చీమ ఎక్కింది. దానిమీద రెండు రోజులు చర్చ జరిగింది. తర్వాత రాయికి వివేకశిల అని పేరు పెట్టారు. పేరు పెట్టాక పీఠం కావాలన్నారు. పీఠానికి మూడు కొటేషన్లు. పీఠం వచ్చాక ప్రదానోత్సవానికి ముహూర్తం చూశారు. అది శ్రావణంలో మొదటి శుక్రవారం పడింది.

ఆషాఢంలో ఏటికి ఎర్రనీరు వచ్చింది. అచ్చియ్యమ్మ రోజూ మా వరండాలో కూర్చుని లంకవైపే చూసేది. ఒకరోజు లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏ వరవూ ఒద్దురా నాకు. ఒదులుకుంటానని రాసుకో. పడవ ఆగిపోకముందే ఎల్లిపోతాను."

అడిగాను. ఎంపికైన వరాన్ని వదులుకోవాలంటే మూడు కారణాలు చూపాలన్నారు వర్మ గారు. ఒకే కారణం మీద వదిలేస్తే అది కూడా తొందరపాటే కదా అన్నారు. అచ్చియ్యమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. మొదటి కారణం, నా కూతురు. రెండో కారణం, నా కూతురు. మూడోది, నా కూతురు. నాలుగు రోజులకి ఆ కాగితం తిరిగొచ్చింది. 'మూడు కారణములును ఒకే చోటినుండి వచ్చినవి. పోటీ లేదు. త్రోసిపుచ్చడమైనది.'

ఆ సాయంత్రమే పడవలు కట్టేశారు. నేను ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. ఆ రాజుగారి బతుకెలా గడిచిందో నాకప్పుడు అర్థమైంది.

శ్రావణ శుక్రవారం పొద్దున్న పందిరి వేశారు. పీఠం మీద వివేకశిల, దానికి బంతిపూల దండ. వర్మ గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "సభాసదులారా, ఎన్నుకొనుట సులభము. ఎన్నుకొనకుండుట కష్టము. ఈ రెంటికీ నడుమ మా శాఖ..." అంతలో వెనకనుంచి ఎవరో కేకవేశారు. అందరం ఏటివైపు తిరిగాం.

లంకలో ఎర్రచీర లేచింది.

అచ్చియ్యమ్మ లేచి నిలబడి నా వైపు చూసింది, అంతే. ఏరు గట్టు ఒరుసుకుని పారుతోంది. చెట్లు కొట్టుకుపోతున్నాయి. నేను వేదికెక్కి వర్మ గారి చెవిలో, "అయ్యా, మీ తాళంచెవి ఒక్కసారి ఇప్పించండి" అన్నాను.

"సభ మధ్యలోనా?" అన్నారాయన. "ఓడిన వరమును వెలుపలికి తీయుటకు నిబంధనయే లేదు. పెట్టుటకే ఉన్నది. పోయి ప్రదాన పత్రం చదువు."

వేదిక దిగాను. నా మొలతాడుకున్న తాళంచెవి ఒక్కటే దేనికీ పనికిరాదు. నేను ధైర్యవంతుణ్ని కాను. ఎదురుతిరగడం నాకు చేతకాదు. నాకు చేతనైంది చదవడం. పత్రం తీసి, రాయి అచ్చియ్యమ్మ చేతుల్లో పెట్టి, గట్టిగా చదివాను.

"సదరు వరమునకు ఎట్టి నియమములును లేవు. లబ్ధిదారు దీనిని ఎప్పుడైనను, ఎచ్చటనైనను, దేనిపైనను వాడుకొనవచ్చును. అధికారులెవ్వరును ఆటంకపరచరాదు."

చదివి, కొట్టువైపు చూశాను. "దేనిపైనను" అని ఆ ఒక్క ముక్కా మళ్లీ చదివాను.

అచ్చియ్యమ్మ నా మొహంలోకి చూసింది. "దేనిమీదైనానా, కనకం?"

"దేనిమీదైనా, అత్తా. ఇందులో రాసుంది."

ఆవిడ దండ తీసి నా మెళ్లో పడేసి, రాయి పట్టుకుని కొట్టు దగ్గరికి పరుగెత్తింది. అరవై దాటిన మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తాళం మీద రెండు దెబ్బలు. మూడోది అక్కర్లేకపోయింది. పావుకోళ్లు తొడుక్కుని గట్టు దిగి, ఎర్రటి నీళ్ల మీద అడుగుపెట్టింది. మునగలేదు. టకటకమని చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. పిలుపు వచ్చాక ఆగకూడదు కదా!

వర్మ గారు వేదిక మీదనుంచి గట్టుదాకా వచ్చి, "అమ్మా! స్వీకృతి రశీదుపై వేలిముద్ర! అమ్మా!" అని అరిచారు. నీటి మీద ఉండగా వెనక్కి చూడకూడదని నియమం. ఆవిడ చూడలేదు.

జనం ఇళ్లకి పోలేదు. మధ్యాహ్నమైంది. ఎర్రచీర ఎగురుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా చీర దిగింది. గడ ఖాళీగా నిలబడింది. కిందటేడు కూడా ఇలాగే నిలబడింది. నా మెళ్లో ఆ బంతిపూల దండ ఇంకా అలాగే ఉంది, తీసే ధ్యాస లేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను.

పసుపుగుడ్డ లేచింది.

నేను ఏడ్చాను. నా ఉద్యోగంలో నేను చేసిన పనివల్ల ఒక బిడ్డ క్షేమంగా పుట్టడం అదే మొదలు.

మర్నాడు వర్మ గారు నాచేత నివేదిక రాయించారు. 'వివేకశిల తొలి వినియోగమందే రెండు దెబ్బలలో ఫలితమిచ్చినది. శ్రావణ మాసమందు గవ్వలేరు దాటుట, సుఖప్రసవము జరిగినవి. కమిటీ ఎంపిక ఎంత వివేకవంతమైనదో దీనివలన రుజువగుచున్నది.' పైనుంచి మెప్పు వచ్చింది. ఆచారి గారికి శాలువా కప్పారు. ఇకమీదట దరఖాస్తుదారులందరికీ రాళ్లే ఇవ్వాలని ఉత్తర్వు కూడా వచ్చింది. గట్టు మీద రాళ్లకి కొదవా! ఇప్పుడు మా ఆఫీసులో పని చాలా చురుగ్గా సాగుతోంది. వచ్చినవాళ్లకి వచ్చిన రోజే రాయి ఇచ్చి పంపుతున్నాం.

రాయి పుచ్చుకున్నవాళ్లకి నేను వెనకదారి చూపిస్తాను. కొట్టు పక్కనుంచే ఆ దారి. కాటుక భరిణె మొన్న వెళ్లిపోయింది. కండె ఒక నేతగాడు పట్టుకెళ్లాడు. గిలక్కాయ ఎవరో తల్లి కొంగులో దాచుకుని వెళ్లింది. కొట్టులో సరుకు తగ్గిందేమోనని వర్మ గారికి ఒకసారి అనుమానం వచ్చింది. కానీ లోపల చూడాలంటే రెండు తాళంచెవులూ కలిపి తాళం తీసి చూడాలని నిబంధన. తాళమే లేనప్పుడు ఎలా తీస్తారు? కొత్త తాళం వచ్చాక చూద్దామని ఆయనే రాశారు.

కొత్త తాళానికి మూడు కొటేషన్లు కావాలి. రెండు వచ్చాయి. మూడోది ఎన్నాళ్లయినా రావడం లేదు. రాకుండా నేను చూసుకుంటున్నాను.